నేలపై పడిన పక్షిపిల్ల - పంచాయతీ బాధ్యత

గత సంవత్సరమునకు ముందటి వేసవిలో మంచినీటి సరఫరా విషయమై సభ్యులతో సమావేశము జరుపుటకు మేము ఒక గ్రామమునకు పోయియుంటిమి. పంచాయతీ కార్యాలయపు ఆవరణలో పెద్ద వేపచెట్టు కలదు. వాహనము దిగి నాలుగడుగులు వేయునంతలో ఒక కాకి రివ్వున వచ్చి మా వాహన చోదకుని తలపై తన్నిపోయినది. వెంటనే రెండవ కాకి. శని పట్టుటకు ఇది సూచన యని అచ్చటివారు కొందరు కలవరపడిరి. తక్షణమే తలస్నానము చేసి, ఆంజనేయస్వామి గుడికి పోయి రమ్మని ఒక పెద్ద సలహా ఇచ్చిరి. అంతలో బడిపిల్లలు చెట్టు మొదట నక్కియున్న కాకిపిల్ల నొకదానిని పట్టి తెచ్చిరి.

దాని ఒడలెల్ల ఈకలే. తోక మాత్రము పొట్టి. రెక్కలు టపటప కొట్టుకొనుచున్నది గాని పైకి లేవలేకున్నది. పాపము, గూటి నుండి జారిపడినదని అందరును అనుకొనిరి. మేమును అట్లే అనుకొంటిమి. దాని నొక అట్టపెట్టెలో నుంచి, లోపల బల్లమీద పంకా క్రింద పెట్టి, చెంచాతో నోటిలో నీరు పోసితిమి. ఒక సభ్యురాలు జాలిపడి ఇంటి నుండి పాలు తెప్పించిరి. పాలును పోసితిమి. నీటి పథకపు లెక్కలు ముగియునప్పటికి పిల్ల చనిపోయియున్నది. అంతసేపును బయట వేపకొమ్మపై ఆ రెండు కాకులు అరచుచునే యుండెను. వాని అరపునకు మాట వినబడుట లేదని కిటికీ తలుపులు మూయించినది కూడ మేమే.

కొన్ని దినముల తరువాత ఒక పశువైద్యునితో ఈ సంగతి ప్రస్తావించితిమి. ఆయన సాంతము విని, “మీ చోదకుని తన్నిన కాకులు ఎవరనుకొంటిరి?” అని మాత్రము అడిగిరి. మాకు సమాధానము తోచలేదు. ఆ పిల్లకు జబ్బు లేదు. అది అనాథ కాదు. గూడు విడిచి ఎగుర నేర్చుకొను దశలో నుండెను. తల్లియు తండ్రియు పైన కావలి కాయుచు, దగ్గరకు వచ్చినవారిని తన్ని తరుముచుండెను. మేము ఎత్తుకొనిపోనిచో అది బహుశః నాలుగు దినములలో ఎగిరిపోయెడిది.

జాలితో చేసిన పని చావునకు కారణమైనది. ఇట్టిది ప్రతి వేసవిలోను ఏదో ఒక గ్రామములో, ఏదో ఒక బడి ఆవరణలో జరుగుచునే యుండును. అందుచేత పంచాయతీ సభ్యులకు ఈ విషయమును కొంత వివరముగ తెలుపదలచితిమి.

పిల్లలు రెండు విధములు

నేలపై కనబడు పక్షిపిల్లను ముట్టుకొనుటకు ముందు దూరము నుండియే పరిశీలింపవలెను. ఈకలు మొలవక, ఎఱ్ఱని చర్మముతో నైనను, అచ్చటచ్చట నూగుతో నైనను ఉండి, కాళ్ళపై నిలువలేని పిల్ల నిజముగ గూటి నుండి పడినదే. గాలివాన వలన గాని, పిల్లి చేత గాని, పై కొమ్మ నరికినందున గాని పడియుండును. దానికి మన సహాయము అవసరము.

ఒడలెల్ల ఈకలు వచ్చి, తోక ఇంకను పొట్టిగా నుండి, కాళ్ళతో గంతులు వేయుచు, పొదలోనికి దూరుటకు ప్రయత్నించు పిల్ల సంగతి వేరు. అది తన యంతట తానే గూడు విడిచినది. పిచ్చుక పిల్ల గ్రుడ్డు నుండి వెలువడిన సుమారు రెండు వారములకు గూడు విడుచును. గోరింక పిల్లకు మూడు వారములకు పైగా పట్టును. కాకిపిల్లకు మూడు, నాలుగు వారములు. గూడు విడిచిన దినముననే ఏ పిల్లయు చక్కగ ఎగురజాలదు. మన పసిబిడ్డ నడక నేర్చునప్పుడు పడి లేచినట్లే ఇదియును. ఈ దశలో నేలపైనను, చిన్న కొమ్మలపైనను కొన్ని దినములు గడుపును. తల్లిదండ్రులు అచ్చటికే ఆహారము తెచ్చి నోట పెట్టును. కాకులైతే పిల్లలు ఎగిరిన పిదప కూడ కొన్ని వారముల పాటు వానిని పోషించును.

కాకులు పోషించు పిల్ల కాకిపిల్లయే యని చెప్పుటకు వీలు లేదను సంగతి మన పెద్దలకు తెలిసినదే. కోకిల తన గ్రుడ్డును కాకి గూటిలో పెట్టును గదా. ఒంటినిండ చుక్కలు గల పిల్లకు కాకి మేత పెట్టుచుండుట చూచి ఆశ్చర్యపడ నవసరము లేదు.

ఎగుర నేర్చు పిల్ల విషయములో మనము చేయవలసినది చాల స్వల్పము. కుక్కలను, పిల్లులను, బడిపిల్లలను దూరముగ నుంచవలెను. అది బాటమీద బండ్ల కడ్డముగ నున్నచో మెల్లగ తీసి దగ్గరి పొదపైన గాని, చేతికందు కొమ్మపైన గాని కూర్చుండబెట్టవలెను. వ్రేలిని లేక కొమ్మను కాలితో గట్టిగ పట్టుకొన్నదా, అది ఆ దశకు వచ్చిన పిల్లయే. పిమ్మట దూరముగ పోయి, ఒకటి రెండు గంటలు కనిపెట్టి చూడవలెను. దగ్గర నిలిచి చూచువారున్నంతసేపు తల్లి రాదు. చుట్టును గుమిగూడి, తల్లి రాలేదు గనుక అనాథ యని తీర్మానించుట సరికాదు. మేము చేసిన పొరపాటు ఇదియే.

గూటికి తిరిగి చేర్చుట

ఈకలు రాని పిల్లను గూటికే చేర్చవలెను. ఇంతకు మించిన చికిత్స లేదు. ఇచ్చట ఒక అపోహ అడ్డు తగులును. మనిషి చేయి సోకిన పిల్లను తల్లి చేర్చుకొనదనియు, తోటి పక్షులు దానిని పొడిచి చంపుననియు మన గ్రామములలో గట్టి నమ్మకము కలదు. ఇది నిజము కాదు. మన ఊర పక్షులు పిల్లలను వాసన చేత గాక, ఉన్న చోటును బట్టియు, అరపును బట్టియు గుర్తించును. చేయి సోకినదని విడిచిపెట్టవు. ఈ ఒక్క మాట ఊరిలో నలుగురికి నచ్చజెప్పగలిగినచో అనేకమైన పిల్లలు బ్రతుకును.

గూడు అందుబాటులో నున్నచో, పిల్లను చేతిలో వెచ్చజేసి, తిరిగి అందులో నుంచవలెను. పిచ్చుక గూడు చూరులోనో, ఫొటో పటము వెనుకనో ఉండును గనుక ఇది సులభము. గూడు చెదరిపోయినను, చెట్టు మిక్కిలి ఎత్తైనను వేరొక ఉపాయము కలదు. చిన్న వెదురు బుట్ట గాని, అడుగున రంధ్రములు చేసిన పాత డబ్బా గాని తీసికొనవలెను. రంధ్రములు లేనిచో ఒక్క జల్లుకే పిల్ల మునిగిపోవును. లోపల ఎండుగడ్డి పరచి, అదే చెట్టునకు, లేక మిక్కిలి సమీపములో, ఎండ తగులని చోట కట్టవలెను. పిల్ల అరపు విని తల్లిదండ్రులు సాధారణముగ కొలది గంటలలో వచ్చును. బుట్టను చెట్టునుండి దూరముగ మన ఇంటి అరుగుపై కట్టుట వలన ప్రయోజనము లేదు.

నోటిలో ఏమియు పోయరాదు

మేము పోసిన నీరే ఆ కాకిపిల్లను చంపియుండునని వైద్యుడు చెప్పిరి. పక్షికి నాలుక మొదటనే శ్వాసనాళపు రంధ్రము తెరచి యుండును. చెంచాతో పోసిన నీరు కడుపులోనికి గాక ఊపిరితిత్తులలోనికి పోవును. కావలసిన నీరు పిల్లకు ఆహారములోనే లభించును. పాలు మరింత హాని. పక్షులకు పాలను జీర్ణించుకొను శక్తి లేదు. అన్నము, రొట్టె, బిస్కట్టు కూడ పనికిరావు. గింజలు తిను పిచ్చుక సైతము తన పిల్లలకు మొదట పెట్టునది పురుగులనే. పావురము, గువ్వ తమ కంఠపు సంచిలో ఊరు పాలవంటి పదార్థమును పిల్లల నోటిలో విడుచును. ఒక్కొక్క జాతి ఆహారము ఒక్కొక్క విధము. తెలియక పెట్టుటకంటె రెండు మూడు గంటలు ఏమియు పెట్టకుండుటయే మేలు.

పిల్లకు వెంటనే కావలసినది వెచ్చదనమును, చీకటియు, నిశ్శబ్దమును. ఈకలు లేని పిల్ల తన ఒడలిని తానే వెచ్చగ నుంచుకొనజాలదు. గాలి రంధ్రములు గల అట్టపెట్టెలో మెత్తని గుడ్డ పరచి పిల్ల నుంచవలెను. గోరువెచ్చని నీరు నింపిన సీసాను గుడ్డలో చుట్టి ప్రక్కన పెట్టవలెను. పంకా క్రింద పెట్టరాదు. మధ్యమధ్య మూత తీసి చూపరాదు. వడగాలి దినములలో మాత్రము పద్ధతి మారును. రేకుల కప్పు క్రింది గూటిలోని వేడికి తాళలేక పిల్లలు దూకి పడును. నోరు తెరచి రొప్పుచుండును. వానిని నీడకు చేర్చినచో చాలును, సీసా అవసరము లేదు.

రెక్క వ్రేలాడుచున్నను, నెత్తురు కనబడినను, తల్లిదండ్రులు చనిపోయినట్లు తెలిసినను ఇంటివైద్యము చేయక అటవీశాఖ వారికి గాని, దగ్గరి పశువైద్యశాలకు గాని చేర్చవలెను. పిల్లి నోట పడి బయటపడిన పిల్ల పైకి బాగుగనే కనబడును గాని, దాని పంటి గాటు నుండి ప్రవేశించిన సూక్ష్మక్రిములు రెండు దినములలో చంపును. దానికి మందు తప్పదు.

ఒక హెచ్చరిక. ఒకే చోట పలు పక్షులు చనిపోయి యున్నచో వట్టి చేతులతో ముట్టరాదు. పక్షి జ్వరము 2024లో నెల్లూరు జిల్లాలోను, 2025లో గోదావరి జిల్లాలలోను కోళ్ళకు సోకిన సంగతి సభ్యులకు జ్ఞాపకము ఉండును. వెంటనే పశుసంవర్ధక శాఖకు తెలుపవలెను. ఒంటరి పిల్లను ఎత్తినప్పుడును గుడ్డతో పట్టి, పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

కొంగల ఊళ్ళు

పైన చెప్పిన పద్ధతులు ఊర పక్షులకు వర్తించును. పెద్ద కొంగల విషయము వేరు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి ప్రాంతములోని తేలినీలాపురమునకు ప్రతి సంవత్సరము సెప్టెంబరు నుండి మార్చి వరకు ఎఱ్ఱకాళ్ళ కొంగలును, గూడబాతులును వచ్చి చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. హిందూపురమునకు సమీపముననున్న చిలమత్తూరు మండలములోని వీరాపురములోను ఎఱ్ఱకాళ్ళ కొంగలు ఇండ్ల నడుమ చింతచెట్లపై గూళ్ళు పెట్టును. ఈ రెండు ఊళ్ళవారును వాని రాకను శుభముగ భావింతురు. ఇట్టి పక్షులు పిల్లలకు గూటిలోనే మేత పెట్టును. నేల పడిన పిల్ల కొరకు సాధారణముగ క్రిందికి దిగవు. కనుక “దూరముగ నిలిచి చూడుడు” అను సూత్రము ఇచ్చట చెల్లదు. పడిన పిల్లను ఆ దినముననే అటవీశాఖ వారికి అప్పగింపవలెను.

కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరెబెళ్ళూరు గ్రామస్థులు దీనికి చక్కని మార్గము చూపిరి. పడిపోయిన గూడబాతు పిల్లలను ఒక కంచె ఆవరణలో నుంచి, చేపలు మేపి, ఎగురగలిగిన పిదప విడిచిపెట్టుచు వచ్చిరి. ఈ పనికై 1994లో ఊరివారే ఒక బృందముగ ఏర్పడిరి. గూళ్ళున్న చెట్ల యజమానులకు అటవీశాఖ పరిహారము నిచ్చుట కూడ అచ్చట కలదు. చింతపండు నష్టము ఎవరు భరింతురను ప్రశ్న మన ఊళ్ళలోను రాకపోదు. పక్షిప్రేమ పేదరైతు ఒక్కని నెత్తిన మోపుట న్యాయము కాదని మా అభిప్రాయము.

2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను ఆ ప్రాంతపు చెట్లను విస్తారముగ కూల్చినది. అట్టి సమయములో పడునవి ఒకటి రెండు పిల్లలు కావు. కొంగల ఊరి పంచాయతీ తన తుపాను సన్నాహములలో బుట్టలు, వలలు, అటవీ అధికారి ఫోను నంబరు కూడ చేర్చుకొనుట మంచిది.

చిలుకపిల్ల, గుడ్లగూబపిల్ల

చిలుక తాటిమోడు తొఱ్ఱలోను, పాతగోడల రంధ్రములలోను గ్రుడ్లు పెట్టును. పిల్లలు ఆరేడు వారములు తొఱ్ఱలోనే యుండును. మాఘ ఫాల్గుణములలో మోడు కొట్టినచో పిల్లలు నేల పడును. వానిని పంజరములో పెట్టి పలుకులు నేర్పుట పూర్వము పరిపాటి. ఇప్పుడు అది నేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 2022లో సవరించిరి. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. మన చిలుకలను, గోరింకలను పట్టుట, పెంచుట, అమ్ముట నిషేధము. ఉల్లంఘించినచో మూడు సంవత్సరముల వరకు జైలుశిక్షయో, లక్ష రూపాయల వరకు జరిమానాయో, రెండునో పడవచ్చును. రక్షించుటకే తెచ్చితినని చెప్పువాడు కూడ 48 గంటలలోగా పోలీసు ఠాణాకు గాని, అటవీ అధికారికి గాని తెలియజేయవలెను. రామచిలుక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరానాడు చూపి డబ్బు తీసికొనుటకై పాలపిట్టను పట్టి రెక్కలు కట్టుట కూడ ఈ చట్టము క్రిందికే వచ్చును.

గుడ్లగూబపిల్లకు ఎవరును పాలు పోయరు. రాళ్ళు వేయుదురు. పాత గుడి గోపురములోను, గిడ్డంగి అటకపైను పెరుగు తెల్లని గుడ్లగూబను కొన్ని చోట్ల చావుపిట్ట యందురు. దాని పిల్ల బుసకొట్టుట విని పాము యని జడిసినవారును కలరు. అది ఇంటిపై వాలినచో చావు వచ్చునను మాటకు ఆధారము లేదు. ఎలుకలు ఎచ్చట అధికమో అచ్చటికి వచ్చును, అంతియే. దాని ముఖ్యాహారము ఎలుకలే గనుక, వరి పండించు ఊరిలో ఆ పిల్లను చంపుట తన గాదెకు తాను చేటు తెచ్చుకొనుట. మందమైన తువాలుతో పట్టి, సాయంసమయమున పడిన చోటికి దగ్గరలో ఎత్తైన చోట నుంచినచో తల్లిదండ్రులు రాత్రి మేత తెచ్చును. గోళ్ళు వాడియైనవి గనుక పిల్లల చేతికి ఈయరాదు. దీపావళి దినములలో క్షుద్రపూజల కొరకు గుడ్లగూబలను కొనువారు తిరుగుదురు. అట్టివారిపై కన్ను వేయుట సభ్యుల పని.

గొడ్డలికి ముందు ఒక చూపు

పిల్ల పడిన తరువాత చేయు సేవకంటె పడకుండ చూచుట సులభము. తొలకరికి ముందు, ఏప్రిల్, మే మాసములలో విద్యుత్తు తీగెలకు తగులు కొమ్మలను సిబ్బంది కొట్టుచుందురు. కాకులు గూళ్ళు పెట్టునది సరిగ అప్పుడే. తీగెల భద్రత అవసరమే, ఎవరును కాదనలేరు. అయినను తీగెకు తగులు కొమ్మ ఒకటైనప్పుడు చెట్టంతయు బోడిచేయుట అవసరము కాదు. సిబ్బంది వచ్చు దినము ముందుగ తెలిసికొని, గూళ్ళున్న కొమ్మలను ఒక వార్డు సభ్యుడు చూపినచో చాల వరకు తప్పించవచ్చును. చెట్టు మొత్తము కొట్టవలసి వచ్చినచో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి పొందవలెను. ఆ దరఖాస్తు వ్రాయునప్పుడే గూళ్ళ సంగతి విచారించి, వీలైనచో పని రెండు నెలలు వాయిదా వేయవచ్చును.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు ఒక జీవవైవిధ్య యాజమాన్య సంఘమును ఏర్పరచి, ప్రజా జీవవైవిధ్య పట్టికను సిద్ధము చేయవలసి యున్నది. పలు ఊళ్ళలో ఈ సంఘము కాగితముపై మాత్రమే కలదని మేము విచారముతో చెప్పవలసి వచ్చుచున్నది. ఏ చెట్టుపై ఏ మాసములో ఏ పక్షి గూడు కట్టునో ఆ పట్టికలో వ్రాసి యుంచినచో, చెట్టు కొట్టుమని అర్జీ వచ్చిన దినమున సభ్యులు తడుముకొన నవసరము లేదు. ఈ వివరములు బడిపిల్లలకు మనకంటె బాగుగ తెలియును. వారి చేతనే వ్రాయింపవచ్చును.

మొన్నటి వేసవిలో పని మీద మేము మరల ఆ గ్రామమునకు పోయితిమి. వేపచెట్టు చుట్టును కొబ్బరితాడు కట్టియున్నది. పంచాయతీ పారిశుద్ధ్య కార్మికురాలు ఒకామె గేటు దగ్గరనే మమ్ము ఆపి, “ఈ ప్రక్కగా రండయ్యా, పిల్ల దిగి ఉన్నది” అనిరి. వీధికుక్కలు రాకుండ గేటు మూసియుంచుట మూడు దినములుగ ఆమె పనియట. సమావేశమును బడిలో జరిపిరి. పిల్లను మేము చూడలేదు, చూపుమని అడుగనును లేదు. మా వాహన చోదకుడు మాత్రము తాడు చాల దూరముననే ఉన్నదిగదా యని నిర్లక్ష్యముగ నడచి, మరల ఒక తన్ను తినెను. ఈ తడవ ఎవరును గుడికి పొమ్మని చెప్పలేదు. కార్మికురాలు ఒక తువాలు తెచ్చి, తలకు చుట్టుకొమ్మని ఇచ్చినది.